మలంచా ఇంటి వైరు లేని కెమెరా

మా వీధిలో ఇప్పుడు ఇంటింటికీ కెమెరాలే. గుమ్మం మీద ఒకటి, మెట్ల దగ్గర ఒకటి. ఫోనులో చూసుకుంటారు. నెలకు ఒక్కరైనా వచ్చి, "పిన్నీ, కనెక్సను మాటిమాటికీ పోతన్నాది, ఓపాలి సూడవా" అంటారు. ఈ కొత్త కెమెరాల కడుపులో ఏముంటుందో నాకు తెలియదు. అయినా వెళ్తాను. వెళ్ళి కెమెరా వైపు చూడను. "ఏ వేళకు పోతోంది? ఆ వేళకు ఇంట్లో, వీధిలో ఇంకేం నడుస్తుంటుంది?" అని అడుగుతాను. పిల్లలు నవ్వుతారు, ముసల్దానికి చాదస్తం అని. ఆ ప్రశ్న నేర్చుకోవడానికి నేను ఎవరి కూడు చెడగొట్టానో వాళ్ళకు తెలియదు. మీకు చెబుతాను.

మా ఆయన పోయాక, ఎనభైల మొదట్లో, ఆయన బదులు నాకు రైల్వేలో ఖలాసీ పని ఇచ్చారు. ఎనిమిదో తరగతి తప్పినదాన్ని. బెంగాల్లో మేముండే ఖరగ్‌పూర్‌లోనే టెలిఫోన్లు, ఆఫీసుల్లో మోగే గంటలు, వైర్‌లెస్ పెట్టెలు బాగుచేసే సెక్షనులో వేశారు. రెండేళ్ళు కుండలో నీళ్ళు నింపాను, బల్లలు తుడిచాను. అక్కడ ఒక మిస్త్రీ ఉండేవాడు. బెంగాలీ ఆయన. అందరికీ దాదా. ముప్పై ఏళ్ళు మన తెలుగువాళ్ళ మధ్య పనిచేసి తెలుగు తన పద్ధతిలో మాట్లాడేవాడు. ఒక రోజు బల్ల తుడుస్తూ, విప్పి పెట్టిన టెలిఫోనులో ఒక తీగ ఊడి ఉండడం చూసి, "దాదా, ఇదేటి వేలాడతన్నాది?" అన్నాను. పొద్దుటినుంచి ముగ్గురు మగాళ్ళు వెతుకుతున్నది దానికోసమే. దాదా నా చేతిలో గుడ్డ లాక్కుని, సోల్డరింగు ఐరను పెట్టాడు. "రేపటి నుంచి బల్ల నేను తుడుస్తా, దీదీ" అన్నాడు. ఒక్కరోజు కూడా తుడవలేదు. పని మాత్రం నేర్పాడు.

ఆయనకు ఒక మాట ఉండేది. ఏ వస్తువు విప్పబోయినా ముందు, "కరెంటు చూసినావా?" అనేవాడు. "సూసినాను దాదా" అనేదాన్ని. నిజానికి చూసేదాన్ని కాదు. ఎందుకు చూస్తాను? రైల్వే కరెంటు. మా రిపేరు షాపులోనూ అదే, మా క్వార్టర్లోనూ అదే. ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. అన్నం ముందు చేసే ప్రార్థనలాగా ఆ ప్రశ్న, ఆ జవాబు నోటితో అనేసి పనిలో పడేవాళ్ళం.

తొంభైలు వచ్చేసరికి నేను కూడా చెయ్యి తిరిగినదాన్నయ్యాను. ఆదివారాలు తెలిసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసేదాన్ని. ఇంట్లో ఆడవాళ్ళే ఉంటే మగ మెకానిక్కు కంటే నన్ను పిలవడమే వాళ్ళకు సుఖం. అలా ఒకసారి రైల్వే కాలనీ అవతల ఉన్న మలంచా పేట నుంచి కబురొచ్చింది. మా రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన పెద్దాయన అక్కడ సొంత ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు కట్టిన రెండో ఏడు వరండాలో పెట్టిన సైకిలు పోయింది. కొత్తది. ఓడ మీద పనిచేసే ఆయన బావమరిది ఆ సంగతి విని, సెలవుకు వచ్చినప్పుడు ఒక కెమెరా తెచ్చి ఇచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. వరండాలో మేకుకు తగిలించి, కరెంటు పిన్ను కింద గోడ ప్లగ్గులో పెడితే, వేరే వైరు లేకుండానే బొమ్మ లోపల టీవీలోకి వస్తుంది. టీవీ పక్కన ఇంకో చిన్న డబ్బా, దానికి కొమ్ములాగా యాంటెన్నా. వీధిలో అందరూ వచ్చి చూసి వెళ్ళారు. పెద్దాయన గేటు దాకా వెళ్ళి తిరిగి వస్తే, ఆవిడ టీవీలో చూసి, "ఓలమ్మా, ఈయన నడక ఇలాగుంటాదేటి!" అని నవ్విందట.

నవ్వు ఒక్కపూటే. బొమ్మ పోవడం మొదలైంది. పొద్దున్న ఒక గంట, సాయంత్రం నాలుగింటికి ఒక గంట. టీవీ నిండా చుక్కలు, బుస్సుమని చప్పుడు. మళ్ళీ దానంతట అదే వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. నేను ఉన్న రెండు గంటలూ బొమ్మ చక్కగా ఉంది. కాకి వాలితే కాకి కనబడుతోంది. విప్పాను, అతుకులు చూశాను, యాంటెన్నా తిప్పాను. ఏమీ దొరకలేదు. "ఇంటికి అట్టుకెల్లి మూడు రోజులు సూస్తానండి" అని కెమెరా, డబ్బా, వాటి అడాప్టర్లు సంచిలో వేసుకుని మా క్వార్టరుకు తెచ్చాను. మా వరండాలో తగిలించాను. పొద్దున్న చూశాను. సాయంత్రం నాలుగింటికి చూడమని పక్కింటావిడకు పని పెట్టాను. మూడు రోజులూ బొమ్మ ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు. పక్కింటావిడ విసిగి, "మీ గుమ్మంలో మేక తప్ప ఏటీ రాలేదు వదినా, నాను పోతన్నాను" అంది.

మరుసటి ఆదివారం సంచితో మలంచా వెళ్ళాను. వరండాలో పెద్దాయన భార్య, ఎదురింటి బెంగాలీ ఆవిడ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను కొంచెం గొప్పగానే చెప్పాను. మూడు రోజులు పరీక్ష పెట్టిన గొప్ప.

"అమ్మగారూ, కెమెరాలో లోపం లేదండి. నా పూచీ. ఎవరో పిన్ను కదుపుతన్నారు."

ఆవిడ నా వైపు చూడలేదు. ఎదురింటావిడ వైపు చూసింది. "నాను సెప్పినానా దీదీ? అది వచ్చే వేళకే పోతాది. అది ఎల్లిపోతే వస్తాది. సైకిలు పోయిన నాడు కూడా అదే గదా ఆఖర్న ఎల్లింది?"

ఎదురింటావిడ తల ఊపింది. "హఁ, హఁ" అంది.

అది అంటే ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి. మా చర్చిలోనే ఉండేది. నాకంటే చిన్నది, నన్ను అప్పా అని పిలిచేది. ఆ వీధిలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది, ఇప్పుడు నాలుగిళ్ళలో. వరండా ఊడ్చేటప్పుడు ఆ ప్లగ్గు పక్కనుంచే చీపురు వెళ్తుంది. నాకు అంతా సరిపోయినట్టే అనిపించింది. నేను ఆవిడ పేరు ఎత్తలేదు. చాలా రోజులు ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను, నేను పేరు ఎత్తలేదు కదా అని. కానీ కాదని కూడా అనలేదు. టీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

మంగళవారం సాయంత్రం ఆ గిన్నెలు తోమే మనిషి మా క్వార్టరుకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. నేను లోపలికి రమ్మన్నా రాలేదు.

"అప్పా, నన్ను తీసీసినారు. ఒక ఇల్లు కాదు, నాలుగిల్లూ. నువ్వు సెప్పినావట గదా, నాను ఏదో పీకినానని."

"నాను నీ పేరు సెప్పలేదే."

"మరి ఎవులి పేరు సెప్పినావు?"

పీట తెచ్చి గుమ్మంలో వేశాను. కూర్చోలేదు.

"ఆ పిన్ను ఏటో నాకు సూపించు అప్పా. రెండు నెలల బట్టి దాని కింద ఊడుస్తన్నాను. అది పిట్టగూడో, లైటో నాకు తెల్దు. పీకినానంటన్నారు. ఏటి పీకినానో సూసి పోతాను."

ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది. "కోపంలో అన్నారేమో, నాలుగు రోజులుపోతే పిలుస్తారులే" అన్నాను. ఆవిడ నన్ను అలా చూసి వెళ్ళిపోయింది. ఆ వీధిలో ఒక ఇంటి మాట నాలుగిళ్ళ మాట. మలంచాలో పేరు పోతే పక్కపేట ఇందాలో కూడా పని దొరకదు, ఇందా ఆడవాళ్ళు కూడా ఇదే బజారుకు వస్తారు. నాకు అదంతా తెలుసు. అయినా నా లోపల ఒక మూల ఇంకా అనుకుంటూనే ఉన్నాను, మూడు రోజులు చూశాను కదా, కెమెరా బాగానే ఉంది కదా, అని.

పది రోజులకు హెడ్ క్లర్కుగారు మా షాపుకే ఫోను చేశాడు. "ఏటమ్మా, నువ్వు పూచీ అన్నావు. మళ్ళీ పోతన్నాది."

"మనిషి మారినాదా అండి?"

"మారింది. కొత్తమనిషి, బెంగాలీ గుంట. ఇది కూడా అదే పని సేస్తంది. ఆ పాతదే నేర్పి పంపినాదని మా ఆవిడ అంటన్నాది."

ఫోను పెట్టేసి బల్ల దగ్గర కూర్చున్నాను. చేతిలో పని కదలలేదు. టీ వేళకు దాదా పక్కన కూర్చుని, "ఏమైంది దీదీ, మొహం ఫ్యూజు పోయినట్టు ఉంది?" అన్నాడు. అంతా చెప్పాను, ఆ ఇంటి పొద్దున్న, సాయంత్రం సంగతి, మా క్వార్టరులో మూడు రోజుల పరీక్ష, ఆ మనిషి సంగతి. ఆయన వింటూ గ్లాసు కింద పెట్టేశాడు.

"కరెంటు చూసినావా?"

"సూసినాను దా..." అని ఆగిపోయాను.

"ఎక్కడ చూసినావు?"

"మా క్వార్టరులో."

షాపంతా వినబడేలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "దీదీ, నువ్వు కెమెరాను అత్తవారింటి నుంచి తెచ్చి పుట్టింట్లో కూర్చోబెట్టి, బాగున్నావా అని అడిగినావు. పుట్టింట్లో ఎవరైనా బాగానే ఉంటారు. మలంచా కరెంటు రైల్వే కరెంటా?"

పక్క బల్ల మీద పనిచేసే మన తెలుగతను వదల్లేదు. "వదినమ్మకి రైల్వే గోడ అవతల కూడా ఊరున్నాదని తెల్దు దాదా! ఆవిడ టికెట్టు లేకండా పుట్టినాది!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను. పుట్టింది రైల్వే ఆస్పత్రిలో, పెరిగింది రైల్వే క్వార్టరులో, కాపురం రైల్వే క్వార్టరులో. రైల్వే కుళాయి నీళ్ళు, రైల్వే కరెంటు. బయట ఊళ్ళో ఉన్నవాళ్ళకు పొద్దుట లేస్తే ఏమేం లేవో నాకు ఎప్పుడూ తెలుసుకునే పని పడలేదు.

దాదా తన సొంత మీటరు ఇచ్చాడు. షాపు మీటరు గేటు దాటించకూడదు. "ఆదివారం మధ్యాహ్నం వెళ్ళకు. పోయే వేళకు వెళ్ళు" అన్నాడు. మరునాడు సగం రోజు సెలవు పెట్టి, నాలుగు కాకముందే మలంచా చేరాను. పనిరోజు ఆ వేళకు ఆ వీధిలో నేను కాలు పెట్టడం అదే మొదలు.

పెద్దాయనను లోపల టీవీ ముందు కూర్చోబెట్టాను. వరండా ప్లగ్గులో మీటరు పెట్టాను. ముల్లు రెండువందల పది వోల్టుల దగ్గర నిలబడింది. ఆవిడ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. కొత్తగా వచ్చిన పిల్ల నూతి పక్కన గిన్నెలు ముందేసుకుని కుళాయి వైపు చూస్తోంది.

కుళాయి బుసకొట్టింది. మునిసిపాలిటీ నీళ్ళు. అవి సన్నగా, కిందికే వస్తాయి. డాబా మీది ట్యాంకుకు ఎక్కాలంటే మోటారు వెయ్యాలి. ఈ ఇంట్లో మోటారు వేశారు. పక్కింట్లో ఒకటి మూలిగింది. ఎదురింట్లో ఒకటి. వీధి పొడుగునా, ఆ చివరి దాకా, ఒకదాని వెనక ఒకటి. మీటరు ముల్లు దిగడం మొదలుపెట్టింది. నూటతొంభై. నూటడెబ్భై. నూటయాభై కిందికి దిగింది.

"పోయింది!" లోపలినుంచి పెద్దాయన కేక. "పోయింది, పోయింది!"

కొత్త పిల్ల రెండు చేతులూ పైకెత్తి లేచి నిలబడింది. బూడిద మోచేతుల దాకా కారుతోంది. "ఆమి కిచ్ఛు కొరీని! ఆమి కిచ్ఛు కొరీని!" అంది. నేనేం చెయ్యలేదని. ఆ పిల్లకు ప్లగ్గుకు మధ్య పదిహేను అడుగుల దూరం ఉంది.

చలికాలం. ఫ్యాన్లు వెయ్యరు, వేస్తే నెమ్మదిగా తిరగడం చూసి ఎవరికైనా అర్థమయ్యేది. పగలు కాబట్టి లైట్లు లేవు. టీవీ, దాని పక్క డబ్బా రెండూ స్టెబిలైజరు మీద ఉన్నాయి, కరెంటు తగ్గినా వాటికి తెలియదు. వరండాలో కెమెరా ఒక్కటే నేరుగా గోడ ప్లగ్గు మీద ఉంది. కరెంటు చాలక అది నోరు మూసుకుంటోంది. గిన్నెలు తోమేవాళ్ళు ఎప్పుడు వస్తారు? నీళ్ళొచ్చే వేళకే వస్తారు. మోటారు ఎప్పుడు వేస్తారు? నీళ్ళొచ్చే వేళకే వేస్తారు. ఇంతే. ఇది చూడడానికి నాకు మీటరు కూడా అక్కర్లేదు. ఆ వేళకు అక్కడ ఉంటే చాలు.

నీళ్ళు ఆగేదాకా అందరం అలాగే ఉన్నాం. ఒక్కొక్క మోటారే ఆగింది. ముల్లు మెల్లగా లేచింది. లోపలినుంచి పెద్దాయన ఈసారి కేక వెయ్యలేదు. నెమ్మదిగా, "వచ్చింది" అన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

స్టెబిలైజరు నుంచి వరండా దాకా పొడుగు వైరు లాగి, కెమెరా అడాప్టరు దానికి కలిపాను. అరగంట పని. పెద్దాయన నిచ్చెన పట్టుకుని, "సరేలేమ్మా. జరిగిందేదో జరిగింది. ఆ మనిషిని రమ్మని నువ్వే సెప్పు" అన్నాడు.

అక్కడినుంచి నేరుగా ఆ మనిషి ఇంటికే వెళ్ళాను. రైల్వే గేటు అవతల ఒక్క గది. బియ్యం ఏరుతోంది. తప్పు నాదని చెప్పాను. మీటరు సంగతి, మోటార్ల సంగతి, అన్నీ. ఆవిడ చేట పక్కన పెట్టలేదు.

"నాతో సెప్తే ఏటప్పా? నాను పీకలేదని నాకు తెల్దా? తెలినోల్లకి సెప్పు."

"పెద్దాయన రమ్మన్నాడు."

"ఆయన నాతో రమ్మంటే అయిపోద్దా? నన్ను పొమ్మన్నప్పుడు ఈదంతా ఇన్నాది."

ఇంకా ఒక సగం రోజు సెలవు పెట్టాను. పొద్దున్న నీళ్ళొచ్చే వేళకు ఇద్దరం కలిసి ఆ వీధిలోకి వెళ్ళాం. ఆడవాళ్ళందరూ బయట కుళాయిల దగ్గర ఉండేది ఆ గంటే. ఒక చిక్కు నేను ఊహించలేదు. మోటార్లు. అన్నీ ఒకేసారి మూలుగుతున్నాయి. మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినబడదు. తప్పు ఒప్పుకోవాలంటే గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది.

"కెమెరా ఆగడానికి ఈవిడ కారణం కాదు! మీ మోటార్లు! నాను సరిగ్గా సూడకండా సెప్పినాను! తప్పు నాది!"

మొదట హెడ్ క్లర్కుగారి ఇల్లు. ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరకు వచ్చి, "రేపటి నుంచి రావే" అంది, నేల చూస్తూ.

"వస్తాను అమ్మా" అంది ఈవిడ. "గిన్నెలు తోముతాను. వరండా మాత్రం ఊడవను. అది నువ్వే ఊడ్సుకో." పెద్దాయన వెనక నిలబడి దగ్గాడో, నవ్వాడో తెలియదు. ఆ తర్వాత ఆ వరండా ఆయనే ఊడ్చేవాడు. టీవీలో కనబడేది.

పక్కిల్లు తెలుగువాళ్ళది. అక్కడ పెద్ద మాటలేమీ లేవు, "రాయే బాబూ, నడుము పడిపోతన్నాది" అన్నారు. మూడో ఇంట్లో బెంగాలీ ముసలావిడ, "ఆమి తో జాన్‌తామ్" అని అరిచింది, నాకు ముందే తెలుసు అని. "తెలిస్తే మరి ఎందుకు తీసీసినావు, మాశీమా?" అని ఈవిడ అంతే గట్టిగా అడిగింది. ముసలావిడకు ఆ ఒక్క మాట వినబడలేదు. మోటారు వైపు చెయ్యి చూపించింది.

నాలుగోది ఎదురిల్లు. ఆ రోజు వరండాలో నేను పూచీ చెప్పినప్పుడు కూర్చుని తల ఊపిన ఆవిడే. నేను చెప్పిందంతా ఓపికగా విన్నది. తన మోటారు ఆపి మరీ విన్నది. తర్వాత హిందీలో అడిగింది, "అచ్ఛా, కెమెరా ఆ మనిషి ఆపలేదు. ఠీక్ హై. మరి సైకిలు ఎవరు తీసినట్టు?"

"అది నాకు తెలియదు దీదీ" అన్నాను.

"అదే కదా" అంది ఆవిడ. కోపంగా కాదు, లెక్క తేలనట్టు. "అది తేలాలి కదా."

నా చేతిలో దాదా మీటరు ఉంది. దానితో ఆ ఇంటి గోడలో ఎంత కరెంటు ఉందో చెప్పగలను. సైకిలు సంగతి ఆ వీధిలో ఎవరికీ ఎప్పటికీ తేలలేదు. నేను వరండాలో ఒక్క మాట అనకముందు ఆ సైకిలు ఊరికే పోయిన సైకిలు. అన్నాక దానికొక మనిషి దొరికింది. ఆ మనిషిని ఇప్పుడు దాన్నుంచి విడదీయడానికి నా దగ్గర ఏ పనిముట్టూ లేదు.

ఈవిడ నన్ను పక్కకు జరిపింది. గేటు దగ్గరకు వెళ్ళి, మోటారు ఆగిపోయి ఉంది కాబట్టి మామూలు గొంతుతోనే, బెంగాలీలో చెప్పింది. "దీదీ, నేను ఇంక మీ ఇంట్లో పని చెయ్యను. ఇంకొకరిని చూసుకో." చెప్పి, కొంగు దోపుకుని, నడవడం మొదలుపెట్టింది. నేను వెనక పరుగెత్తాను.

వీధి చివర దాకా వెనక్కి చూడకుండా నడిచింది. పెద్దరోడ్డు మీద ఆటోల మధ్య ఆగి నా వైపు తిరిగింది.

"అప్పా, నువ్వు ఊరంతా తిరుగుతావు. నా సంగతి ఎవులైనా అడుగుతారు. మూడిల్లల్లో పని ఉన్నాదని సెప్పు. నాలుగో ఇల్లు నాను ఒగ్గీసినానని సెప్పు. ఆల్లు తీసీసినారని సెప్పకు."

సరే అన్నాను. అప్పటినుంచి అడిగిన ప్రతివాళ్ళకూ అలాగే చెప్పాను. ఆవిడే వదిలేసింది.